జరూస్కీ, ఫిలిప్

(1978– ). ఫ్రెంచి కౌంటర్‌టెనర్ గాయకుడు. 18వ శతాబ్దపు ఇటాలియన్ ఒపెరాల్లో కాస్ట్రాటోల కోసం రాసిన పాత్రలకు ప్రసిద్ధుడు. ఇటీవల వాద్యబృంద నిర్దేశకుడిగానూ పనిచేస్తున్నాడు.

వయసు వచ్చి గొంతు మారిన మగవాడు, మన గాయకులు దొంగగొంతు అనే దాన్ని సాధనతో పదునుపెట్టి స్త్రీల స్థాయిలో పాడితే అతన్ని కౌంటర్‌టెనర్ అంటారు. కాస్ట్రాటోల సంగతి వేరు. వాళ్లకు గొంతు మారకముందే శస్త్రచికిత్స చేయించేవారు. దాంతో పసివాడి స్వరపేటిక, పెద్దవాడి ఊపిరి ఒకే మనిషికి దక్కేవి. 17, 18 శతాబ్దాల ఇటాలియన్ ఒపెరాలో వీరుల పాత్రలు చాలావరకు వాళ్లవే. ఫ్రాన్సు మాత్రం వాళ్లను తన ఒపెరా వేదిక మీద ఆదరించలేదు. అక్కడి స్వరకర్తలు లుల్లీ, రామో తమ కథానాయకుల పాటలను ఓత్-కోంత్ర్ అనే హెచ్చుస్థాయి టెనర్ గొంతుకు కట్టారు. అందువల్ల ఫ్రెంచి కౌంటర్‌టెనర్‌కు స్వదేశపు పాత ఒపెరాలో పెద్దగా పని ఉండదు, పాడవలసింది ఇటాలియన్‌లోనే. 19వ శతాబ్దమంతా ఈ గొంతు ఒపెరా వేదికకు దూరంగానే ఉంది. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ డెల్లర్ (1912–1979) దానికి మళ్లీ కచేరీ గౌరవం తెచ్చాడు. ఫ్రాన్సులో ఆన్రీ లెద్రువా, దొమినిక్ వీస్, జెరార్ లెన్ జరూస్కీకి ముందుతరం వారు. ఫారినెల్లీ అనే ప్రసిద్ధ కాస్ట్రాటో మీద 1994లో వచ్చిన ‘ఫారినెల్లీ’ సినిమాకు ఒక కౌంటర్‌టెనర్ గొంతునూ ఒక సొప్రానో గొంతునూ కంప్యూటరులో కలిపి కాస్ట్రాటో గొంతు తయారుచేశారు. ఇది మరీ చమత్కారమే గాని, జనానికి ఆ గొంతుల మీద కుతూహలం పుట్టించింది.

జరూస్కీ 1978 ఫిబ్రవరి 13న పారిస్ దగ్గరి మేజోన్-లఫిత్‌లో పుట్టాడు. ముత్తాత బోల్షెవిక్ విప్లవం నుంచి పారిపోయి వచ్చిన రష్యన్. సరిహద్దులో పేరు అడిగితే ‘నేను రష్యన్‌ని’ అని రష్యన్ భాషలో జవాబిచ్చాడనీ, ఆ మాటే ఇంటిపేరై కూర్చుందనీ కుటుంబంలో చెప్పుకుంటారు. ఫిలిప్ మొదట నేర్చింది వయొలిన్. ఆ వాద్యంలో వెర్సాయ్ సంగీత పాఠశాలలో బహుమతి కూడా అందుకున్నాడు. తర్వాత పియానో. మార్తినీక్ ద్వీపానికి చెందిన ఫాబ్రీస్ ది ఫాల్కో పాట విన్నాక మనసు గాత్రం వైపు మళ్లింది. 1996 నుంచి నికోల్ ఫాలియన్ వద్ద శిక్షణ పొందాడు.

1999లో రోయోమోన్ ఉత్సవంలో జెరార్ లెన్ నిర్వహణలో అలెస్సాండ్రో స్కార్లాత్తీ ‘సెదెచియా’ పాడడంతో పేరు బయటికొచ్చింది. జాన్-క్లోద్ మల్గ్వార్ బృందంతో మోంతెవెర్దీ, హాండెల్ ఒపెరాల్లో నీరో పాత్ర వేశాడు. 2002లో ‘అర్తసెర్సే’ అనే సొంత వాద్యబృందం స్థాపించాడు.

తర్వాతి పదేళ్లు అతని జీవితంలో అత్యంత ఫలవంతమైనవి. టూరిన్ గ్రంథాలయంలోని వివాల్డీ రాతప్రతుల ఆధారంగా నయీవ్ సంస్థ రికార్డులు తెస్తున్న కాలమది. జాన్-క్రిస్తోఫ్ స్పినోజీ నిర్దేశకత్వంలో ‘లా వెరితా ఇన్ చిమెంతో’ (2003), ‘ఒర్లాందో ఫురియోసో’ (2004), ‘గ్రిసెల్దా’ (2006) వరుసగా వెలువడ్డాయి. ‘ఒర్లాందో’లో వేణువు తోడుగా రుజ్జేరో పాత్ర పాడే ప్రేమగీతంలో జరూస్కీ గొంతు ఎక్కడ ఆగి వేణువు ఎక్కడ అందుకుంటుందో చెప్పడం కష్టం. 2004లో ఫ్రాన్సు సంగీత పురస్కారాల్లో వర్ధమాన ఒపెరా కళాకారుడిగా, 2007లో ఆ ఏటి ఒపెరా గాయకుడిగా ఎంపికయ్యాడు.

సినిమా రేపిన కుతూహలాన్ని వాడుకుని జరూస్కీ ఫారినెల్లీ పాటలతో అప్పుడే సొమ్ము చేసుకోగలిగేవాడు. అతను అలా చేయక, 2007లో ఎమాన్యుయెల్ హయిమ్ బృందంతో కలిసి జొవాన్నీ కారెస్తీనీ (మ. సుమారు 1760) అనే కాస్ట్రాటో చరిత్రను పాటల్లో చెప్పాడు. హాండెల్ 1735లో ‘అరియొదాంతే’, ‘అల్చీనా’ ఒపెరాల నాయక పాత్రలు ఈ కారెస్తీనీకే రాశాడు. ‘అల్చీనా’లోని ఒక నిరాడంబరమైన పాట తన స్థాయికి తగదని కారెస్తీనీ తిప్పి పంపితే, హాండెల్ అతని ఇంటికే వెళ్లి తిట్టిపోశాడని సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ రాశాడు. ‘అల్చీనా’లోని ఆ నాయక పాత్రను జరూస్కీ 2015లో ఏక్స్ ఉత్సవంలో వేశాడు. 2008లో కారెస్తీనీ పాటల ఆల్బమే అతనికి జర్మనీ ఎకో క్లాసిక్ పురస్కారం తెచ్చింది. జె.సి. బాఖ్, కాల్దారా పాటల సంపుటాలు దీని వెంట వచ్చాయి. ఫారినెల్లీ జోలికి 2013లో గాని పోలేదు. అప్పుడూ ఎంచుకున్నవి గురువు పోర్పోరా శిష్యుడైన ఫారినెల్లీకి రాసిన పాటలే.

2012లో నాన్సీలో స్వరకర్త వించీ ఒపెరా ‘అర్తసెర్సే’ను ప్రదర్శించారు. ఈ ఒపెరా 1730లో రోమ్‌లో పుట్టింది. అక్కడ ఆడవాళ్లు వేదికెక్కడం నిషిద్ధం గనుక స్త్రీ పాత్రలూ మగవాళ్లవే. ఆ పద్ధతినే పాటించి అయిదుగురు కౌంటర్‌టెనర్లను ఒకే వేదిక మీదికి తెచ్చారు: జరూస్కీ, ఫ్రాంకో ఫాజోలీ, మాక్స్ ఎమాన్యుయెల్ చెన్చిచ్, వాలెర్ సబాదుస్, యూరీ మినెన్‌కో. రాజు పాత్ర జరూస్కీది. గొంతు విన్యాసాల పంట మాత్రం అర్బాచే వేసిన ఫాజోలీదే. అదే ఏడాది జాల్ట్‌స్‌బుర్గ్‌లో చెచీలియా బార్తోలీ క్లియోపాత్రాగా, ఆంద్రెయాస్ షోల్ సీజరుగా వేసిన హాండెల్ ‘జూలియో చెసారే’లో సెస్తో పాత్ర పాడాడు.

ఆధునిక రచనల్లో కాయా సారియాహో ఒపెరా ‘ఓన్లీ ది సౌండ్ రిమైన్స్’ (ఆంస్టర్‌డామ్, 2016) చెప్పుకోదగింది. 2017లో పారిస్ పక్కన బూలోన్-బియాంకూర్‌లో సంగీతానికి దూరంగా పెరిగే పిల్లల కోసం ఒక అకాడమీ పెట్టాడు. 2022లో పారిస్ షాంజెలిజే రంగస్థలంలో ‘జూలియో చెసారే’కు తానే నిర్దేశకత్వం వహించాడు. ఈసారి సెస్తో పాడింది ఫాజోలీ.