మూడు గంటలంటే...

మా చిన్నమ్మాయి మైనింగ్ డిప్లొమా చదువుతోంది. మొన్న కాలేజీ నుంచి వస్తూ ఒక విచిత్రమైన హోంవర్కు పట్టుకొచ్చింది.

"అమ్మా, మాటల్లేకుండ మనుషులెట్ల మాట్లాడుకుంటరో చూసి, నాలుగు పేజీలు రాసుకరమ్మన్నరు" అంది.

"దానికి కాలేజీ దాకా పోవాలా? కంచం ముందు కూర్చుని మీ నాన్న కూర వైపు చూసే చూపు చాలదూ!" అన్నాను.

అది నవ్వలేదు. పుస్తకం ముందేసుకుని కనుబొమలు ఎగరెయ్యడం, చేతులు కట్టుకోవడం, తల అడ్డంగా ఊపడం అంటూ వరసగా రాసుకుపోతోంది. మంచంలో పడుకున్న మా మామయ్య ఇటు తిరిగారు.

"గవన్ని వెలుగున్నకాడ చెల్లుతయి బిడ్డా. చీకట్ల ఎవని మొహం ఎవనికి కనబడ్తది?" అన్నారు.

నేనూ, అదీ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. మనవరాలు మైనింగ్ చదువుతానన్న రోజు నుంచీ దానితో ముభావంగానే ఉంటున్నారు. ఆడపిల్లకు బాయి పనేమిటని ఆయన బాధ. అలాంటిది తనంతట తాను నోరు విప్పారు!

ఆ సాయంత్రం మా ఇంట్లో పాఠం మొదలైంది. మీకూ కొంత చెబుతాను, వినండి.

మన సింగరేణి కథ 1871లో మొదలైంది. భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం ప్రారంభించింది. ఆ కంపెనీయే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. మా రామగుండం ప్రాంతంలో బాయిలు పడింది 1960ల మొదట్లో. గోదావరి పక్కన ఖని కాబట్టి ఊరికి గోదావరిఖని అనే పేరు. ఆ ఖనే మా అందరికీ అన్నం పెట్టింది.

బాయిలోకి దిగిన మనిషికి ముందు పోయేది చూపు, తరవాత పోయేది మాట. తలమీద దీపం వెలిగినంత మేరే లోకం. టబ్బుల రొదలో, డ్రిల్లు మోతలో పక్కవాడి కేక కూడా వినిపించదు. పైగా ఒకడిది తెలుగు, ఒకడిది ఉర్దూ, ఇంకొకడిది గోండి. అందుకని గనుల్లో ఒక భాష పుట్టింది. దానికి అక్షరాలు లేవు, గంటలున్నాయి.

నిలువు బాయిలో మనుషుల్ని దించే బోను ఉంటుంది. దాన్ని నడిపే ఇంజను మనిషి పైన ఎక్కడో ఉంటాడు. కింద ఏం జరుగుతోందో అతని కంటికి కనపడదు. గంట ఒక్కటే అతనికి ఆధారం. బోను కదులుతుండగా ఒక గంట కొడితే ఆపమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. బొగ్గు టబ్బు వేరు, మనిషి వేరు కదా! మూడు గంటలు విన్నాడంటే అతను చెయ్యి జాగ్రత్తగా వెయ్యాలి.

"అసలు సంగతి అది గాదు" అన్నారు మామయ్య. "గంట కొట్టంగనే అయిపోలే. అవుతలోడు మల్ల కొట్టాలె. జవాబు రాకముందు బోన్ల కాలు పెట్టద్దు."

ఈ మాట దగ్గర మా అమ్మాయి కలం ఆగింది.

గంటలే కాదు, గనిలో ప్రతిదీ మాట్లాడుతుందిట. మనం కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమూ? అక్కడ సర్దారు కర్రతో పైకప్పును కొట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా, డప్పులా మోగిందంటే పొర విడిపోయిందన్నమాట. ఇక అక్కడ నిలబడకూడదు. కప్పుకు ఊతంగా పెట్టిన కట్టె దుంగలు బరువెక్కువైతే విరిగేముందు కిర్రుమంటాయి. ఇనుప స్తంభాలు వచ్చినా పాతవాళ్ళకు కట్టె మీదే నమ్మకం. "ఇనుము చెప్పకుండ పోతది. కట్టె ఏడ్చి చెప్తది" అన్నారాయన.

1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షక దీపం కూడా అలాంటిదే. గనిలో మండే వాయువు చేరితే ఆ దీపం మంట మీద నీలి టోపీలాంటి వెలుగు లేస్తుంది. దాన్ని చదవడం వచ్చినవాడు పదిమందినీ వెనక్కి నడిపిస్తాడు. చదవడం రానివాడికి అదొక అందమైన నీలిరంగు, అంతే.

ఇదంతా కింది భాష. పైన మనకూ ఒక భాష ఉండేది. కొత్త కోడలిగా నేను ఈ కాలనీకి వచ్చినప్పుడు మా అత్తమ్మ గడియారం చూడటం ఎన్నడూ ఎరగను. సైరన్ మోగితే పొయ్యి మీద ఎసరు. ఇంకో సైరన్‌కు గుమ్మంలో చెంబుతో నీళ్ళు. ఆయన సైకిలు గోడకు ఆనించిన చప్పుడును బట్టి ఆ రోజు పని ఎలా సాగిందో చెప్పేది. కానీ వేళ కాని వేళ సైరన్ మోగితే ఆమె చేతిలో ఏది ఉంటే అది కింద పడేది.

2003 జూన్ 16 నేను మరిచిపోలేను. గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు మా వాడలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఎదురింటి గుమ్మంలో మనిషి కనిపించాడా లేదా అన్నదొక్కటే చూసుకున్నాం. ఇటునుంచి ఎన్ని గంటలు కొట్టినా అటునుంచి జవాబు రాకపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఆడవాళ్ళం పైనే ఎందుకు ఉండిపోయామంటారా? ఒకప్పుడు దేశంలోని గనుల్లో ఆడవాళ్ళూ దిగేవారు. బ్రిటిష్ ఇండియాలో 1937 నాటికి భూగర్భంలో వాళ్ళ పని పూర్తిగా మాన్పించారు. యుద్ధంలో బొగ్గు కరువై 1943లో ఆ నిషేధాన్ని సడలించారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ బిగించారు. అవసరం పడితే ఆడదాని ప్రాణం గట్టిపడుతుంది కాబోలు! 1952 గనుల చట్టంలోనూ ఆ నిషేధం ఉండేది. 2019లో మాత్రం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు పగటివేళ గనిలోకి దిగడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మా అమ్మాయి ధైర్యం అదే. మా మామయ్య దిగులూ అదే.

రాత్రి పొద్దుపోయాక అది నాలుగు పేజీలూ పూర్తిచేసింది. కనుబొమల సంగతి కొట్టేసింది. చివర ఒక వాక్యం రాసింది: "చెప్పడం సగమే, అందిందని జవాబు చెప్పడం మిగతా సగం." చదివి కాసేపు ఊరుకున్నాను. మన ఇళ్ళల్లో ఎన్ని గంటలు జవాబు లేకుండా మోగి ఆగిపోతున్నాయో మీకు నేను చెప్పాలా?

దీపం ఆర్పబోతుంటే మామయ్య మంచం పట్టె మీద వేలి కణుపుతో కొట్టారు. ఒకటి, రెండు, మూడు.

చీకట్లో కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత పక్కగదిలోంచి తలుపు మీద మూడు దెబ్బలు వినిపించాయి.

"అందింది తాతా!" అంది మా అమ్మాయి. "మూడు గంటలంటే మగోళ్ళని గాదు గదా, మనుషులని!"

ఆయన ఏమీ అనలేదు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. కానీ మర్నాడు పొద్దున్న కాలేజీకి వెళుతున్న మనవరాలి కోసం ఆయన గేటు తీసి నిలబడ్డారు.