మూడు తెలిస్తే నాలుగోది

తొమ్మిది రూపకాలకు అయిదు పలాల చందనం వస్తే, ఒక్క రూపకానికి ఎంత వస్తుంది? ఈ లెక్క వయసు దాదాపు 1,400 ఏళ్లు. ఆర్యభటీయానికి మొదటి భాస్కరుడు క్రీ.శ. 629లో రాసిన వ్యాఖ్యలో ఇది ఉంది. పలాల్ని గ్రాములు చేసి, రూపకాల్ని రూపాయలు చేస్తే చాలు, ఇప్పటి బడిపిల్లల నిష్పత్తి–అనుపాతం పాఠంలో ఇట్టే ఇమిడిపోతుంది.

దీన్ని సాధించే పద్ధతి పేరు త్రైరాశికం. ఆర్యభటుడు సూత్రాన్ని క్లుప్తంగా చెప్పేశాడు: ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ప్రమాణంతో భాగించాలి. చందనం లెక్కలో తొమ్మిది రూపకాలు ప్రమాణం, అయిదు పలాలు ఫలం, అడిగిన ఒక్క రూపకం ఇచ్ఛ. జవాబు పలంలో తొమ్మిదింట అయిదు వంతులు. ఎక్కాలు వచ్చిన పిల్లలకు ఇందులో గుణకారమూ కష్టం కాదు, భాగహారమూ కష్టం కాదు. ఏ సంఖ్యను ఏ చోట రాయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే 1150 నాటి గణిత గ్రంథం లీలావతి ఆ చోట్లనే ముందు ఖాయం చేసింది: ఒకే జాతివైన ప్రమాణం, ఇచ్ఛ మొదటా చివరా, వేరే జాతిదైన ఫలం నడుమ.

అయితే ఒకటి పెరిగితే రెండోది తగ్గే లెక్కలూ ఉన్నాయి. పనివాళ్లు పెరిగితే రోజులు తగ్గుతాయి. ఇలాంటి వాటికి బ్రహ్మగుప్తుడు 628లోనే వ్యస్త త్రైరాశికం చెప్పాడు. ఇప్పటి పుస్తకాల్లో అది విలోమానుపాతం. లీలావతిలో దీనికిచ్చిన ఉదాహరణ చదివితే మనసు చివుక్కుమంటుంది: పదహారేళ్ల స్త్రీ వెల 32 నిష్కాలైతే, ఇరవై ఏళ్ల స్త్రీ వెల ఎంత? 32ను 16తో గుణించి 20తో భాగిస్తే 25, మరో అయిదింట మూడు వంతులు. దాని వెంటే కాడి మోసిన ఎద్దు వెల గురించిన ప్రశ్న. మనిషినీ పశువునూ ఒకే వరసలో వెలకట్టిన నాటి సంత ఈ శ్లోకంలో దాక్కోకుండా కనిపిస్తుంది. లెక్కల పుస్తకాన్ని చరిత్రకారులు కూడా చదవాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ఈ విద్య తెలుగులోకి చాలా ముందే వచ్చింది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు పెట్టాడు. నన్నయ గురించి బడిలో వినని తెలుగువాళ్లు అరుదు. మల్లన పేరు ఎందరికి తెలుసు? ఆయనకు మన సాహిత్య చరిత్రలో దక్కిన చోటు చాలా తక్కువ.

త్రైరాశికం పడమటికీ వెళ్లింది. అల్‌బిరూనీ దాని మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. అబ్రహాం లింకన్ 1859లో తన చదువు గురించి చెబుతూ, చదవడం, రాయడం, త్రైరాశికం దాకా లెక్కలు చేయడం వచ్చునని రాసుకున్నాడు.

తెలుగునాట త్రైరాశికాన్ని నిజంగా చిక్కుముడి చేసినవి కొలతలు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులున్నాయని నివేదించాడు. అలాంటి ఊరి బడిలో చదివినవాడు బయటికొచ్చి తూచాల్సింది, కొలవాల్సింది అప్పటి కొలతల్లోనే. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఇది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. పుట్టి ధాన్యం 40 రూపాయలైతే, మూడు తూముల రెండు కుంచాల ధర ఎంత? ముందు అన్నిటినీ కుంచాల్లోకి మార్చాలి: పుట్టికి 80, అడిగినవి 14. అప్పుడే త్రైరాశికం పనిచేస్తుంది, జవాబు ఏడు రూపాయలు. ధరలో అణాలూ దమ్మిడీలూ కూడా ఉంటే మరో మెలిక. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, ఆ వెంటనే కిలోలు, లీటర్లు వచ్చాక ఈ మార్పిడి బరువు చాలావరకు దిగిపోయింది.

తర్వాతి తరాల పిల్లలు ఎక్కువగా నేర్చుకున్నది ఏకవస్తు పద్ధతి. పై లెక్కనే తూము ధర రెండు రూపాయలని ముందు తేల్చుకుని, మూడున్నరతో గుణిస్తారు. ఒక మెట్టు ఎక్కువ రాయాలి, కానీ ఎందుకు గుణిస్తున్నామో పిల్లవాడికి తెలుస్తుంది. చిన్న తరగతులకు ఇదే మేలు. ఇక త్రైరాశికం వేగం బజారుకు పనికొచ్చింది.

అయిదు రాశులుంటే పంచరాశికం. నూటికి నెలకు అయిదు చొప్పున పదహారుకు ఏడాదికి వడ్డీ ఎంతని లీలావతి అడుగుతుంది. పదహారును పన్నెండుతో, అయిదుతో గుణించి నూటితో భాగిస్తే తొమ్మిది, అయిదింట మూడు వంతులు. బ్యాంకులు ఏడాదికి శాతాల్లో చెప్పినా, తెలుగు ఊళ్లలో చేబదుళ్ల వడ్డీ ఇప్పటికీ ఆ శ్లోకంలోలాగే నూటికి, నెలకే నడుస్తోంది. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి నూటికి 24.