బరంపురం బోను, వాల్తేరు ఆసుపత్రి

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా టెక్కలి, సోంపేట తాలూకాలు గంజాం జిల్లావే. హత్య కేసంటే ఈ తాలూకాల్లోని ఉద్దానం మనిషి బరంపురం సెషన్స్ కోర్టులో బోనెక్కాల్సిందే. తీరా ఎక్కాక ఎదుట ఉన్నది జడ్జి అని గాని, తన తరఫున మాట్లాడేది ప్లీడరని గాని ముద్దాయికి తెలియకపోతే? అలాంటి మనిషిపై విచారణ నడపకూడదని తెల్లవాళ్ల చట్టం కూడా ఒప్పుకుంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 34వ అధ్యాయం ఇందుకోసమే. మేజిస్ట్రేటుకు అనుమానం వస్తే ముద్దాయిని జిల్లా సివిల్ సర్జన్‌కు చూపించాలి. ఉత్త సర్టిఫికెట్ చాలదు. ఆ డాక్టరును సాక్షిగా పిలిచి, చెప్పిందంతా రాసుకోవాలి. సెషన్స్ కోర్టులోనైతే నేరం సంగతి తర్వాత, ముందు మతి సంగతి తేల్చాలి. దీన్ని పీనల్ కోడ్ 84వ సెక్షన్‌తో కలిపేసుకుంటారు చాలామంది. 84 చూసేది కత్తి ఎత్తిన నాటి మనసును. ఆ రోజు నిక్షేపంగా ఉన్నవాడికి వాయిదా నాటికి మతి చెదరవచ్చు. 34వ అధ్యాయానికి కావలసింది వాయిదా నాటి మనిషి.

మతి సరిగానే ఉండి, భాష అందనివాళ్లూ ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. సవర ముద్దాయికి దుబాసీ చెప్పిందే విచారణ. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి నిఘంటువు 1938లో గాని అచ్చుకాలేదు.

మతి చెదిరినవాడి విచారణ ఆగింది సరే, మనిషిని ఏం చేయాలి? పూచీ ఇచ్చేవాళ్లు లేకుంటే కట్టడి తప్పదు. 19వ శతాబ్ది చివరికి మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు పిచ్చాసుపత్రులు మూడే: మద్రాసు, కాలికట్, వాల్తేరు. గంజాం వాళ్లకు దగ్గరది వాల్తేరు. అక్కడి లెక్కల్లో ఇలాంటివాళ్లకు ‘క్రిమినల్ ల్యునాటిక్’ అని వేరే పద్దు. తన వాదన తాను చెప్పుకోగలడని ధ్రువపత్రం వస్తేనే మళ్లీ కోర్టు ముఖం చూడడం. అది ఎన్నాళ్లలో రావాలో గడువు లేదు. ముద్దాయిని కాపాడే ఏర్పాటులో ఉన్న పెద్ద లొసుగు ఇదే.

ఆ లొసుగులో పడ్డవాడు అస్సాంలోని మచల్ లాలుంగ్. 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో బాగున్నాడని డాక్టర్లు చెప్తే గౌహతి జైలుకు మార్చారు, కోర్టుకు కాదు! 2005లో రూపాయి బాండు మీద బయటికొచ్చాడు. విచారణ లేకుండానే 54 ఏళ్లు.

నాగభూషణ్ పట్నాయక్‌ది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. శ్రీకాకుళం పోరాటంలో దొరికిన ఈ గుణుపురం వకీలుకు విశాఖ సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది. వాదించుకోగల ఆయనే అప్పీలు వద్దన్నారు. వాదించుకునే శక్తి ఉందా అన్నదే చట్టం అడుగుతుంది, ఇష్టం ఉందా అని కాదు.

1973 కోడ్‌లో పాత నిబంధనలే కొద్ది మార్పులతో 25వ అధ్యాయంగా వచ్చాయి. అసలు మార్పు 2009 చివర అమల్లోకి వచ్చిన సవరణలతోనే. సివిల్ సర్జన్ చూశాక సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో చూడాలి. వాళ్ల మాట నచ్చకపోతే మెడికల్ బోర్డుకు వెళ్లవచ్చు. ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయనక్కర్లేని మనిషిని నాన్‌బెయిలబుల్ కేసులోనూ వదలాలి. అయితే క్రమం తప్పకుండా అవుట్‌పేషెంట్ వైద్యం చేయిస్తామని, తనకూ ఇతరులకూ హాని జరగకుండా చూస్తామని బంధువో స్నేహితుడో పూచీ రాయాలి. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ బదులు అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ, 367వ సెక్షన్ మొదలుకొని, ఇదే పద్ధతి. ఇంటి మగవాడు గుజరాత్ వేరావల్‌లో చేపల పడవ మీద, పెద్దావిడ పలాసలో డయాలసిస్ మీద ఉండే ఉద్దానం కుటుంబాల్లో ఆ సంతకానికి మనిషి దొరకడం అంత తేలిక కాదు. దొరక్కపోతే మానసిక వైద్యం అందే చోట కట్టడిలో ఉంచమంటుంది చట్టం.