బెలుం గుహలో గాలి, మా నాన్న కొన్న పెట్టె

పోయిన ఆదివారం పులిహోర, పెరుగన్నం కట్టుకొని అందరం బెలుం గుహలకు వెళ్లాం. నంద్యాలలో కాపురముంటూ కూడా నేను వెళ్లి పదేళ్లు దాటింది. లోపలికి దిగిన పది నిమిషాలకే చీర ఒంటికి అతుక్కుపోయింది. అంత ఉక్క! బయటి నుంచి గాలి పంపే ఏర్పాటు ఉన్నచోట నిలబడితే మాత్రం ప్రాణం లేచొచ్చింది. అక్కడే మా తమ్ముడు అన్నాడు, "చూసినావా అక్కా, మనుషులకే గాలి పంపాల్సొస్తోంది. ఆ కంప్యూటర్ పెట్టెకు వద్దా?"

వాడి మాటకు కారణముంది. మా ఇంట్లో నెలరోజులుగా కొత్త కంప్యూటర్ పంచాయితీ నడుస్తోంది. ఉన్నది పనిచేస్తుంది, కానీ విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 మా పాత మెషిన్‌కు ఎక్కదు. అమ్మాయికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మా వారు ల్యాప్‌టాప్ కొందామంటారు. నేను చీటీ పాడి దాచినవి 40 వేలు. అవి నాలుగేళ్లకు మూలపడే వస్తువు మీద పెట్టడం నాకిష్టం లేదు.

దీని వెనక మా పుట్టింటి కథ ఒకటుంది.

మాది ఆళ్లగడ్డ. రోడ్డు పక్కన దేవుడి విగ్రహాలు చెక్కే షెడ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. మా నాన్న మొదటిసారి కంప్యూటర్‌ను దగ్గరగా చూసింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో. 1998లో మన రాష్ట్రంలో దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ను కార్డ్ అనే పథకం కింద కంప్యూటర్లలోకి మార్చారు. పొలం కాగితాలకు వెళ్లిన మనిషి, పొలం సంగతి వదిలేసి ఆ మెషిన్ గురించే వారం రోజులు చెప్పాడు. 2003లో అప్పు చేసి ఒకటి కొన్నాడు. కంపెనీది కాదు, విడిభాగాలు తెచ్చి బిగించినది.

అలా బిగించుకునే వీలు ఎలా వచ్చిందో నాకు ఈ మధ్యే తెలిసింది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను తొందరగా తేవాలని ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. లోపలి అమరికను కూడా పుస్తకంగా అచ్చేసి అమ్మింది. ఇంక వేరేవాళ్లు ఊరుకుంటారా? కాంపాక్ లాంటివాళ్లు దానికి సరిపోయే మెషిన్లు చేసేశారు. కుక్కర్ ఒక కంపెనీది, గ్యాస్కెట్ ఇంకో కంపెనీది అయినా సరిపోయినట్టన్నమాట. మన దేశంలో 1984 కంప్యూటర్ విధానంతో దిగుమతి సుంకాలు తగ్గాయి. ఆ తర్వాత ఊరూరా బిగించి ఇచ్చే కుర్రాళ్లు పుట్టుకొచ్చారు. మనవాళ్లకు అంతకుముందే ఈ విద్య తెలుసు లెండి, 1967లో మొదలైన హైదరాబాదు ఈసీఐఎల్ టీడీసీ-12 అనే సొంత కంప్యూటర్ తయారు చేసింది. అయితే అవి ఆఫీసులకు, పరిశోధన సంస్థలకు. మా నాన్నలాంటి వాళ్లకు కాదు.

ఆ 2003 కంప్యూటర్ నాలుగేళ్లే బతికింది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. మా ఖర్మ అనుకున్నాం. తీరా తెలిసిందేమంటే, ఆ ఏడెనిమిదేళ్లలో ప్రపంచమంతా అదే గోల, నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు లక్షల బోర్డులను పాడుచేశాయట. ఇప్పుడు మంచి బోర్డుల్లో ఘన కెపాసిటర్లు వాడుతున్నారు. మాకు అంతకన్నా పెద్ద దెబ్బ ఎస్ఎంపీఎస్ కొట్టింది. స్టిక్కర్ మీద 450 వాట్లు, చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా అంత తేలిక. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు టప్పున పేలి, హార్డ్ డిస్కును కూడా తీసుకుపోయింది. మా చెల్లెలి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

అందుకే ఈసారి ప్రాసెసర్ గురించి తర్వాత మాట్లాడు, ముందు ఎస్ఎంపీఎస్ మంచిది రాయి అన్నాను. 80 ప్లస్ గుర్తు, ఐదేళ్ల వారంటీ. మా తమ్ముడు నవ్వాడు కానీ రాశాడు. దానితోపాటు యూపీఎస్.

రెండోది సాకెట్. దీని మీదే వాడికీ మా వారికీ పెద్ద వాదన. ఇంటెల్ తరచుగా రెండు తరాలకోసారి సాకెట్ మార్చేస్తుంది. ఏఎండీ వాళ్ల ఏఎం4కు 2017లో రైజెన్ వస్తే, 2024లో కూడా అదే సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. బోర్డు ఉంచుకొని ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. అందుకని దాని తర్వాత 2022లో వచ్చిన ఏఎం5 తీసుకున్నాం. లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్, కాబట్టి కార్డు ఖర్చు లేదు. ర్యామ్ 16 జీబీ ఒకే పలక, రెండో గాడి ఖాళీగా ఉంచాం. జాకెట్టుకు లోపల కుట్టు వదులుతాం చూడండి, అలాగ. ఎస్ఎస్‌డీ గురించి ఎవరూ వాదించలేదు.

క్యాబినెట్ దగ్గర నేను మొండికేశాను. 2003 నాటి నాన్న పెట్టె మా అటక మీదే ఉంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది. బోర్డు మరల రంధ్రాలు, వెనక వైర్లు పెట్టే కిటికీ, ఎస్ఎంపీఎస్ సైజు, అన్నీ నేటికీ అవే. అయితే పాత పెట్టెల్లో గాలి తక్కువ. ముందు, వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లకు చోటుంది. రెండూ పెడితే చాలన్నాడు తమ్ముడు, ముందుదానికి దుమ్ము ఆపే జాలీతో సహా. రాతి దుమ్ములో పుట్టిపెరిగినవాళ్లం, మాకు జాలీ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

బెలుం సంగతి మధ్యలో వదిలేశాను. ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83ల్లో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలిచారు. మొత్తం 3,229 మీటర్లు. ఆ కొలతలు ఉండబట్టే కదా తర్వాత దారి, దీపాలు, గాలి ఏర్పాట్లు ఎక్కడెక్కడో తేల్చగలిగింది. 2002లో మనలాంటి వాళ్లకు తెరిచారు. పాతాళగంగ దగ్గర మా అమ్మాయి నన్నడిగింది, "అమ్మా, తాత పెట్టెలో కొత్త బోర్డు నిజంగా పడుతుందా?" కొలతలున్నాయి కదే అన్నాను. లోపల నాకూ అనుమానమే.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సీటీసీ నుంచి మా తమ్ముడు సామాన్లు తెచ్చాడు. నిన్న రాత్రి నట్టింట్లో దుప్పటి పరిచి బిగించాం. దసరాకు నాన్న పెట్టిన కుంకుమ మరక పెట్టె మీద ఇంకా ఉంది. తుడవనివ్వలేదు. బోర్డు సరిగ్గా కూర్చుంది. ఎనిమిది మరలు కావాలి, ఏడే దొరికాయి. ఎనిమిదోది అమ్మ దగ్గరున్న నాన్న మరల డబ్బాలో ఉంటుందేమో చూడమని ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. "డబ్బా ఎందుకు, మరొక్కటి చాలదా?" అంది అమ్మ. డబ్బా మొత్తం పంపమన్నాను.