క్లౌడ్‌బ్రేక్

క్లౌడ్‌బ్రేక్ దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దేశానికి చెందిన ప్రసిద్ధ సర్ఫింగ్ స్థలము. ఇక్కడ కాలు మోపడానికి నేల లేదు. సముద్రంలో నీటి అడుగున ఉన్న ఒక పగడపు దిబ్బపై విరిగిపడే అలకే ఈ పేరు. పడవపై వెళ్ళడం తప్ప ఇక్కడికి చేరడానికి వేరే దారి లేదు. అలల మీద పలకపై నిలబడి స్వారీ చేసే సర్ఫింగ్ క్రీడలో ఇది ప్రపంచంలోని అత్యుత్తమ, అత్యంత కఠినమైన అలలలో ఒకటిగా పేరు పొందినది. ఆరితేరినవారికే తగిన ఈ అల, "సముద్రపు అలపై హక్కు ఎవరిది?" అనే వివాదానికి కూడా ఒక ముఖ్యమైన ఉదాహరణ.

భౌగోళికం

ఫిజీలోని అతిపెద్ద దీవి విటి లెవు. దాని పశ్చిమ తీరానికి ఎదురుగా మామనుదా దీవుల సమూహము ఉన్నది. ఆ సమూహపు దక్షిణపు కొసన తావరువా అనే చిన్న దీవి కలదు. హృదయాకారంలో కనిపించే ఈ దీవికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, బయటి సముద్రపు అంచున క్లౌడ్‌బ్రేక్ దిబ్బ ఉన్నది. తావరువా పక్కనే నమోటు అనే మరో చిన్న దీవి ఉన్నది. అంతర్జాతీయ విమానాశ్రయము గల నాంది పట్టణము ఈ ప్రాంతానికి ముఖద్వారము.

హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.4 డిగ్రీల అక్షాంశంపై ఉండగా, క్లౌడ్‌బ్రేక్ దక్షిణాన సుమారు 17.9 డిగ్రీల అక్షాంశంపై ఉన్నది. అంటే రెండూ ఉష్ణమండలంలోనివే, భూమధ్యరేఖకు ఇంచుమించు సమాన దూరంలో ఉన్నవే. అయితే రెండింటి మధ్య దూరం 11,000 కిలోమీటర్లకు పైమాటే. దక్షిణార్ధగోళము కావడం వలన మనకు ఎండాకాలం, వానాకాలం అయిన ఏప్రిల్ - అక్టోబరు నెలలు అక్కడ చల్లని, పొడి కాలము. పెద్ద అలలు వచ్చేది కూడా ఆ నెలలలోనే.

అల ఏర్పడే విధానము

క్లౌడ్‌బ్రేక్ వద్ద విరిగే అల అక్కడ పుట్టినది కాదు. న్యూజీలాండ్‌కు దక్షిణాన, అంటార్కిటికాను చుట్టి ఉన్న సముద్రంలో, శీతాకాలపు తుఫానుల వలన ఈ అలలు పుడతాయి. గాలి ఎక్కువ సేపు, ఎక్కువ దూరం ఒకే దిశగా వీచినప్పుడు నీటిపై పొడవైన అలలు ఏర్పడి, తుఫాను ప్రాంతాన్ని దాటి వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. వీటిని సర్ఫింగ్ పరిభాషలో "స్వెల్" అంటారు.

ఒక శిఖరానికి, తరువాతి శిఖరానికి మధ్య 15 సెకండ్ల వ్యవధి ఉన్న అలను ఉదాహరణగా తీసుకుంటే, లోతైన నీటిలో ఆ అల పొడవు సుమారు 350 మీటర్లు. ఒక్కొక్క శిఖరము గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో సాగుతుంది. కాని అలల గుంపు మొత్తం కదిలే వేగము అందులో సగమే. అందువలన 3,000 కిలోమీటర్ల దూరంలో పుట్టిన అలలు ఫిజీ చేరడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. వాతావరణ పటాలలో తుఫానును చూసిన సర్ఫర్లు, అలలు చేరేలోపే విమానాలలో వచ్చి సిద్ధంగా ఉండగలగడానికి కారణము ఇదే.

ఇటువంటి అల ప్రభావము నీటిలో దాని పొడవులో సగం లోతు వరకు ఉంటుంది. సముద్రపు అడుగు అంతకంటే పైకి వచ్చినచోట అల నెమ్మదించి, పొడవు తగ్గి, ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరిగిపడుతుంది. క్లౌడ్‌బ్రేక్ వద్ద లోతైన సముద్రము నుండి దిబ్బ నిటారుగా పైకి లేస్తుంది. అందువలన అల తన శక్తిని ముందుగా కోల్పోకుండా ఒక్కసారిగా లేచి, పైఅంచు ముందుకు దూకుతుంది. అలా దూకిన నీటికి, అల గోడకు మధ్య గొట్టము వంటి ఖాళీ ఏర్పడుతుంది. దీనినే "బారెల్" లేదా "ట్యూబ్" అంటారు. ఈ గొట్టంలో దూరి, అది మూసుకొనేలోపు బయటపడటము సర్ఫింగ్‌లో గొప్ప నైపుణ్యముగా భావిస్తారు.

తూర్పు, ఆగ్నేయ దిశల నుండి వీచే వ్యాపార పవనాలు కూడా ఇక్కడ తోడ్పడతాయి. ఇవి అలకు ఎదురుగా వీచి, దాని ముఖాన్ని నునుపుగా నిలబెడతాయి.

అలలోని భాగాలు

ఇది "ఎడమ" అల. అంటే అలపై తీరం వైపు సాగే సర్ఫరుకు అల తన ఎడమచేతి వైపుగా విరుగుతూ పోతుంది. కుడికాలు ముందుకు పెట్టి నిలబడేవారికి అల ఎదురుగా కనిపిస్తుంది కనుక వారికి కొంత అనుకూలము.

అలను సాధారణంగా మూడు భాగాలుగా చెబుతారు. మొదట అల లేచే బయటి భాగాన్ని "పాయింట్" అని, తరువాతి భాగాన్ని "మిడిల్" అని, చివరి భాగాన్ని "ఇన్‌సైడ్" అని అంటారు. చివరి భాగానికి "షిష్ కబాబ్స్" అనే మారుపేరు కూడా ఉన్నది. దిబ్బపై నీరు అతి పలుచగా ఉండి, అదుపు తప్పినవారి ఒళ్ళు పగడాలపై చీరుకుపోయే చోటు కావడము వలన ఈ పేరు అర్థవంతమైనది. అల చిన్నగా ఉన్నప్పుడు ఈ భాగాలు వేరువేరుగా విరుగుతాయి. పెద్ద స్వెల్ సరైన దిశలో వచ్చినప్పుడు మాత్రము ఒకదానితో ఒకటి కలిసి, ఒకే స్వారీలో చాలా దూరము సాగవచ్చును.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ఇసుక తీరంలో పడిన సర్ఫరుకు అడుగున మెత్తని ఇసుక ఉంటుంది. ఇక్కడ అడుగున ఉన్నది పదునైన పగడము. ముఖ్యమైన ప్రమాదాలు ఇవి:

* పగడపు గాయాలు: ఇవి లోతుగా ఉండటమే కాక, పగడపు ముక్కలు, సూక్ష్మజీవులు లోపల మిగిలిపోవడము వలన చీము పట్టి ఆలస్యంగా మానుతాయి. గాయాన్ని వెంటనే శుభ్రమైన నీటితో బాగా కడగడము అవసరము.
* నీటి కింద చిక్కుకొనడము: పెద్ద అల పడిన మనిషిని అడుగున అదిమిపెడుతుంది. పైకి వచ్చి ఊపిరి తీసుకొనేలోపే రెండవ అల మీదపడితే స్పృహ తప్పవచ్చును.
* ఆటు సమయము: నీరు తీసినప్పుడు దిబ్బపై లోతు మరీ తగ్గుతుంది. అందువలన ఆటుపోట్ల వేళలు తెలియనివారు ఇక్కడ దిగరాదు.
* దూరము: గాయపడినవారిని ముందు పడవలోకి, తరువాత తీరానికి, ఆ తరువాత ఆసుపత్రికి చేర్చవలసి ఉంటుంది.

2016లో హవాయికి చెందిన ఆరన్ గోల్డ్ అనే అనుభవజ్ఞుడైన సర్ఫర్ ఇక్కడ మునిగి స్పృహ కోల్పోగా, తోటివారు నీటి నుండి బయటకు లాగి ప్రాణాలు కాపాడారు. పెద్ద అలలున్న రోజులలో గాలి నిండే రక్షణ చొక్కాలు, జెట్ స్కీలు, ప్రథమ చికిత్స తెలిసిన సహాయకులు తప్పనిసరి అని ఇటువంటి సంఘటనలు తెలియజేస్తాయి.

చరిత్ర

ఈ దిబ్బ స్థానిక మత్స్యకారులకు తరతరాలుగా తెలిసినదే. బయటి సర్ఫర్ల దృష్టి దీనిపై పడినది 1980ల తొలి సంవత్సరాలలో. అమెరికాకు చెందిన డేవ్ క్లార్క్, స్కాట్ ఫంక్ తావరువా దీవిలో సర్ఫర్ల కొరకు విడిది నిర్మించారు. స్థానిక హక్కుదారులతో చేసుకున్న ఒప్పందము ప్రకారము ఈ ప్రాంతపు అలలపై స్వారీ చేసే అవకాశము విడిది అతిథులకు ప్రత్యేకించబడినది. ఎక్కువ మంది గుమికూడని పరిపూర్ణమైన అల అన్న పేరు పత్రికల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించినది.

అలపై హక్కు

ఫిజీలో తీరజలాల అడుగు నేల ప్రభుత్వానిదే అయినా, అందులో చేపలు పట్టే సంప్రదాయ హక్కులు ఆయా గ్రామాల తెగలకు చెందుతాయి. ఇటువంటి జలాలను ఫిజీ భాషలో "గోలిగోలి" అంటారు. విడిదుల యజమానులు ఆ తెగలకు సొమ్ము చెల్లించి అలలపై ప్రత్యేక అవకాశాన్ని పొందేవారు. దీనివలన గ్రామాలకు ఆదాయము వచ్చింది, అలపై రద్దీ తగ్గింది. కాని విడిదిలో బస చేసే స్తోమత లేని ఫిజీ యువకులకు తమ దేశపు అలే అందకుండా పోయినదని విమర్శ వచ్చింది.

2010లో ఫ్రాంక్ బైనిమరామా ప్రభుత్వము సర్ఫింగ్ ప్రాంతాల నియంత్రణ శాసనము ద్వారా ఈ ప్రత్యేక హక్కులను రద్దు చేసి, సర్ఫింగ్ స్థలాలను అందరికీ తెరిచింది. దీనితో ఇతర విడిదుల వారికి, పడవలు నడిపే స్థానికులకు, దేశీయ సర్ఫర్లకు అవకాశము దొరికింది. మరోవైపు, సంప్రదాయ హక్కుదారులకు వచ్చే రాబడి పోయినదని, దిబ్బపై రద్దీ పెరిగినదని అభ్యంతరాలు వెలువడ్డాయి. చేపకు హక్కు ఉన్నప్పుడు అలకు ఎందుకు ఉండదు అని ఒక పక్షము, సముద్రపు అలను ఎవరూ అమ్మరాదు అని మరొక పక్షము వాదించాయి. ఈ చర్చ తరువాతి సంవత్సరాలలోనూ కొనసాగినది.

పోటీలు

ప్రపంచ స్థాయి సర్ఫింగ్ పోటీలు ఇక్కడ 2000ల దశకములో జరిగి, 2008 తరువాత కొంతకాలము ఆగాయి. తిరిగి 2012 నుండి 2017 వరకు "ఫిజీ ప్రో" పేరుతో జరిగాయి. ప్రతి అలకు గరిష్ఠంగా 10 మార్కులు, ఉత్తమమైన రెండు అలలు కలిపి 20 మార్కులు ఇస్తారు. న్యాయనిర్ణేతలు దిబ్బపై నిర్మించిన మంచె నుండి పోటీని గమనిస్తారు.

* 2012: జూన్ 8న అలలు విపరీతంగా పెరగడంతో పోటీని ఆపివేశారు. పోటీతో సంబంధము లేని పెద్ద అలల నిపుణులు ఆ రోజున చేసిన స్వారీలు సర్ఫింగ్ చరిత్రలో నిలిచిపోయాయి. ఆ సంవత్సరము, 2013లోను అమెరికాకు చెందిన కెల్లీ స్లేటర్ విజేత.
* 2015: ఆస్ట్రేలియాకు చెందిన ఓవెన్ రైట్ ఒకే పోటీలో రెండు సార్లు 20కి 20 మార్కులు సాధించి విజేత అయ్యాడు. మహిళలలో ఆస్ట్రేలియాకు చెందిన శాలీ ఫిట్జ్‌గిబ్బన్స్ గెలిచింది.
* 2024: ఏడేళ్ళ తరువాత పోటీ తిరిగి వచ్చింది. గ్రిఫిన్ కోలాపింటో, ఎరిన్ బ్రూక్స్ విజేతలు.
* 2025: ప్రపంచ ఛాంపియన్లను నిర్ణయించే తుది పోటీలు ఇక్కడే జరిగాయి. బ్రెజిల్‌కు చెందిన యాగో డోరా, ఆస్ట్రేలియాకు చెందిన మాలీ పిక్లమ్ ప్రపంచ విజేతలు అయ్యారు.

ఇటువంటిదే అయిన మరో పగడపు దిబ్బ అల, తాహితి దీవిలోని తెయహుపో, 2024 పారిస్ ఒలింపిక్ క్రీడల సర్ఫింగ్ పోటీలకు వేదిక అయ్యింది.

తెలుగువారు, ఫిజీ దిబ్బలు

క్లౌడ్‌బ్రేక్‌కు దారితీసే నాంది, లౌటోకా ప్రాంతము తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. బ్రిటిషువారు 1879 నుండి 1916 వరకు చెరకు తోటలలో పనికి అరవై వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా ఫిజీకి తరలించారు. "అగ్రిమెంటు" అనే మాట కూలీల నోట "గిర్మిట్" అయినది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా దక్షిణాది వారిని తీసుకువెళ్ళడము మొదలైనది. వీరిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారు ఉన్నారు. లౌటోకాలోని పెద్ద చక్కెర కర్మాగారము పని ప్రారంభించినది కూడా 1903లోనే.

నాందిలో 1926లో స్థాపించబడిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగము తమిళ, తెలుగు కుటుంబాల పిల్లలకు పాఠశాలలు నడిపినది. 1941లో తెలుగువారు తమ భాషా సంస్కృతుల కొరకు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము ఏర్పరచుకున్నారు. నేడు క్లౌడ్‌బ్రేక్‌కు వెళ్ళే సర్ఫర్లు దిగే పట్టణములో శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి ఆలయము దక్షిణాది వారి ఉనికికి గుర్తుగా నిలిచి ఉన్నది.

నేడు సర్ఫర్లు కోరి వచ్చే దిబ్బలే నాడు ఓడలకు మృత్యువు. 1884 మే 11న కూలీలను తీసుకువస్తున్న "సిరియా" అనే ఓడ విటి లెవు తూర్పు వైపున ఉన్న నసిలై దిబ్బకు కొట్టుకొని పగిలిపోయినది. వైద్యాధికారి విలియం మెక్‌గ్రెగర్ నాయకత్వంలో సహాయక చర్యలు జరిగినా యాభై మందికి పైగా మరణించారు. ఇది దక్షిణాది వారి రాకకు ముందు జరిగినది. లోతైన నీటి నుండి ఒక్కసారిగా లేచే దిబ్బ, దానిపై విరిగే అల - ఈ రెండు చోట్లా ప్రకృతి ఒకటే.

తెలుగు తీరంతో పోలిక

ఆంధ్రప్రదేశ్‌లో సర్ఫింగ్ ప్రధానంగా విశాఖపట్నం పరిసరాలలో, ముఖ్యంగా ఋషికొండ వద్ద సాగుతున్నది. అక్కడ అల ఇసుక అడుగుపై విరుగుతుంది. ఇసుక తిన్నెలు కదిలినప్పుడల్లా అల స్థానము, ఆకారము మారుతుంటాయి. పగడపు దిబ్బ కదలదు కనుక క్లౌడ్‌బ్రేక్ అల ఎప్పుడూ ఒకే చోట, ఇంచుమించు ఒకే తీరున విరుగుతుంది. నేర్చుకొనేవారికి ఇసుక తీరమే తగినది. భారతదేశములో పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో ఉన్నాయి.

పర్యావరణము

పగడాలు సున్నపు గూడు కట్టుకొనే చిన్న జీవుల సముదాయము. సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కినప్పుడు అవి తమలో నివసించే నాచును కోల్పోయి తెల్లబడతాయి. 2000లో ఫిజీ దిబ్బలు విస్తృతంగా ఈ విధంగా దెబ్బతిన్నాయి. దిబ్బ పెరుగుదల ఆగి సముద్రమట్టము పెరుగుతూ పోతే, దిబ్బపై నీటి లోతు మారుతుంది. లోతు మారితే అల విరిగే తీరు కూడా మారుతుంది. అందువలన పగడాల రక్షణ స్థానిక మత్స్యకారుల జీవనానికి, తీరపు భద్రతకు ఎంత అవసరమో, ఈ అల మనుగడకు కూడా అంతే అవసరము.

ఇవి కూడా చూడండి

* ఫిజీ
* సర్ఫింగ్
* పగడపు దిబ్బ
* గిర్మిట్
* ఋషికొండ