బాలల క్రీడాసంఘాలలో స్వచ్ఛంద కార్యకర్తల పూర్వాపరాల పరిశీలన: బ్రిటన్ చారిత్రక అనుభవం

ఉపోద్ఘాతం

జీతం ఆశించకుండా పిల్లలకు ఆటలు నేర్పే వ్యక్తిని సమాజం సహజంగానే గౌరవిస్తుంది. ఆ గౌరవమే కొన్నిసార్లు అతణ్ణి ప్రశ్నించడానికి అడ్డవుతుంది. 20వ శతాబ్దం చివరి వరకు బ్రిటన్‌లోని బాలల క్లబ్బులు చాలావరకు ఇటువంటి నమ్మకం మీదే నడిచాయి. ఆ తరువాత ఏర్పడిన పరిశీలనా వ్యవస్థ చరిత్ర ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ప్రమాదకరమైన వ్యక్తి గురించి ఎవరికీ తెలియకపోవడం కంటే, తెలిసిన సంగతి నమోదు కాకపోవడం, ఒకచోట చేరకపోవడమే పెద్ద లోపం.

డన్‌బ్లేన్ నేర్పిన పాఠం

1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో థామస్ హామిల్టన్ 16 మంది చిన్నారులను, వారి ఉపాధ్యాయురాలిని కాల్చి చంపాడు. అతడు ఏళ్ల తరబడి బాలుర క్లబ్బులు నడిపినవాడు. 1974లోనే స్కౌట్ సంఘం అతడి నాయకత్వ అనుమతిని రద్దు చేసింది. 1983లో ప్రాంతీయ మండలి అతడి క్లబ్బుకు పాఠశాల ఆవరణను నిరాకరించగా, అతడు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాడు. మండలి చర్య సరికాదని తేలింది. ఫిర్యాదులు వచ్చినా అతడిపై నేరశిక్ష లేదు. కేవలం శిక్షల జాబితాను చూసే పరిశీలనలో అతడు మచ్చలేనివాడుగానే కనిపించేవాడు. 16 ఏళ్లలోపు పిల్లలు వచ్చే క్లబ్బులకు జాతీయ స్థాయి గుర్తింపు ఉండాలనీ, నాయకుల యోగ్యతను పరిశీలించాలనీ విచారణాధికారి లార్డ్ కల్లెన్ సూచించాడు.

చట్టాల క్రమం

అంతకు ముందు సంవత్సరమే, 1988 ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఈత శిక్షకుడైన పాల్ హిక్సన్‌కు లైంగిక నేరాలకు 17 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2001లో క్రీడారంగానికి ప్రత్యేక బాలరక్షణ విభాగం ఏర్పడింది. 1997 పోలీసు చట్టం ప్రకారం విస్తృత ధ్రువపత్రంలో శిక్షలతోపాటు పోలీసుల వద్ద ఉన్న సంబంధిత సమాచారం కూడా చేరవచ్చు. దీనిని అమలు చేయడానికి 2002లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో పని ప్రారంభించింది.

అదే సంవత్సరం ఆగస్టులో సోహమ్‌లో ఇద్దరు పదేళ్ల బాలికలు హత్యకు గురయ్యారు. హంతకుడు ఒక పాఠశాల కేర్‌టేకర్. అతడిపై గతంలో మరో ప్రాంతంలో వచ్చిన ఆరోపణలు నియామక సమయంలో బయటపడలేదు. 2004 నాటి బిచార్డ్ నివేదిక ఈ లోపాన్ని ఎత్తిచూపింది. దాని ఫలితమే 2006 నాటి బలహీన వర్గాల రక్షణ చట్టం. అయితే ఈ పరిధి మితిమీరిందన్న విమర్శతో 2012 చట్టం దానిని కుదించింది. ఇతరుల నిరంతర పర్యవేక్షణలో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్త నియంత్రిత కార్యకలాపం నిర్వచనం వెలుపల నిలిచాడు. పేరుకు పర్యవేక్షణ ఉన్నా, పిల్లల నమ్మకాన్ని పొందే అవకాశం అతడికి మిగిలే ఉంది.

2016 నవంబరులో మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారులు తమ బాల్యంలో జరిగిన అత్యాచారాలను బయటపెట్టారు. తగిన బాలరక్షణ చర్యలు చేపట్టడంలో ఫుట్‌బాల్ అసోసియేషన్ జాప్యం చేసిందని 2021 నాటి షెల్డన్ నివేదిక నిర్ధారించింది. స్కాట్లాండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి పిల్లలతో నియంత్రిత పాత్రలు నిర్వహించేవారు, జీతం ఉన్నా లేకున్నా, రక్షణ పథకంలో సభ్యులు కావడం తప్పనిసరి అయింది.

భారతదేశ సందర్భం

తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటికీ వర్తించే 2020 పోక్సో నిబంధనలు క్రీడా అకాడమీలను పేర్కొంటూ, పిల్లలతో మెలిగే సిబ్బందికి నిర్ణీత వ్యవధుల్లో పోలీసు వెరిఫికేషన్ జరగాలంటాయి. అయితే నిబంధన వాక్యం శాశ్వత, ఒప్పంద సిబ్బంది, ఇతర ఉద్యోగుల గురించి మాట్లాడుతుంది. జీతం లేని కార్యకర్తను పేరెత్తి చెప్పదు. కాలనీ మైదానాల్లో సెలవు శిబిరాలు నడిపేవారి విషయంలో ఈ ఖాళీ పరిశీలించదగినది.

ముగింపు

ధ్రువపత్రం గతంలో ఎవరో రాసిపెట్టిన దానిని మాత్రమే చూపగలదు. అందువల్ల పరిశీలన అవసరమే గాని, అదే రక్షణ కాదు. పిల్లవాడు చెప్పిన మొదటి మాటను విని, నమోదు చేసి, సంబంధిత వ్యవస్థకు చేర్చే క్లబ్బే ఆ పత్రానికి విలువనిస్తుంది. బ్రిటన్ అనుభవం అధిక మూల్యం చెల్లించి నేర్చుకున్న సత్యం ఇదే.