చేపల తొట్టిలో టఫెన్డ్ గాజు

వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన గాజును టఫెన్డ్ గాజు అంటారు. ఫోన్ తెరల మీద అతికించే రేకుల పుణ్యమా అని టెంపర్డ్ గ్లాస్ అన్న పేరు కూడా ఇంటింటికీ తెలిసింది. ఇంట్లో పెట్టుకునే చేపల తొట్టికి ఇది తగినదా కాదా అన్న విషయంలో తొట్లు కట్టేవారిలోనే రెండు మాటలు ఉన్నాయి. అడుగు పలకగా వాడటాన్ని చాలామంది సమ్మతిస్తారు. పక్క పలకలుగా వాడటాన్ని సమ్మతించేవారు తక్కువ. ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే పక్క పలకలకు వద్దనేవారి జాగ్రత్తే సబబుగా కనిపిస్తుంది.

పూర్వ చరిత్ర

కరిగిన గాజు బొట్టును చన్నీళ్లలో జారవిడిస్తే, తల భాగం సుత్తి దెబ్బకు కూడా పగలని, తోక విరిస్తే మాత్రం మొత్తం పొడి అయిపోయే ముద్ద తయారవుతుందని 17వ శతాబ్దంలోనే యూరప్‌లో తెలుసు. ప్రిన్స్ రూపర్ట్ వీటిని ఇంగ్లండుకు తీసుకువచ్చాడు కనుక ఆయన పేరే నిలిచిపోయింది. అంతకు ముందే జర్మన్ ప్రాంతాల్లో ఉన్నాయన్న వాదన బలమైనదే. ఆ బొట్టు పగిలే తీరును 1994లో మునావర్ చౌదరి, శ్రీనివాసన్ చంద్రశేఖర్ అత్యంత వేగంగా తీసే కెమెరాతో చిత్రించారు. బీట సెకనుకు సుమారు 1,450 నుంచి 1,900 మీటర్ల వేగంతో పాకుతుందని తేల్చారు.

పలక గాజును గట్టిపరచే పద్ధతికి తొలి పేటెంటు ఎవరిదన్న దానిపై రాతలు కలవవు. కరిగేంత వేడెక్కిన గాజును వేడి నూనెలోనో కొవ్వులోనో ముంచే పద్ధతికి ఫ్రాన్స్‌కు చెందిన రోయే ద లా బాస్తీ 1874లో హక్కులు పొందాడు. కొన్ని చోట్ల రుడాల్ఫ్ సీడెన్ పేరు, 1900 సంవత్సరం కనిపిస్తాయి. ఆస్ట్రియాకు చెందిన సీడెన్ 1900లో పుట్టినవాడు. పుట్టిన ఏడాదిని పేటెంటు ఏడాదిగా ఎవరో ఒకరు పొరబడి రాస్తే మిగిలినవారు అదే ఎత్తి రాసుకున్నట్టుంది. తొలి హక్కు ద లా బాస్తీదే అనడం న్యాయం.

బలం ఎక్కడిది

మామూలు ఫ్లోట్ గాజును నిదానంగా చల్లారుస్తారు. కరిగిన తగరం మీద గాజును పరచే ఈ పద్ధతిని పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో ప్రకటించింది. దుకాణాల్లో ఈ గాజునే ప్లెయిన్ అనీ, సాదా అనీ అంటారు. అదే పలకను ముందే కొలతకు కోసి, అంచులు నూరి, కన్నాలు వేసి, 620 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి, రెండు వైపులా గాలిని బలంగా ఊది చల్లారిస్తే టఫెన్డ్ అవుతుంది. పైపొర ముందు గట్టిపడుతుంది. తర్వాత చల్లారే లోపలి పొర కుంచించుకుపోతూ పైపొరను లోపలికి లాగుతుంది. దాంతో పైన ఒత్తిడి, లోపల లాగుడు నిలిచిపోతాయి. పైపొర ఒత్తిడి కనీసం 69 మెగాపాస్కళ్లు ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. మన దేశంలో భద్రతా గాజుకు ఐ.ఎస్. 2553 ప్రమాణం ఉంది. సాదా గాజు కంటే బలం నాలుగైదు రెట్లు అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది, అది నిజమే.

ఒత్తిడిలో ఉన్న పైపొర మందం ఒక్కో వైపు పలక మందంలో సుమారు ఐదో వంతు. 10 మి.మీ. పలకలో 2 మి.మీ. అన్నమాట. పాచి గీకేటప్పుడు ఇసుక రేణువు వల్ల పడే గీత అంత లోతుకు పోదు కనుక దానికి భయపడనవసరం లేదు. అంచు సంగతి వేరు. మూలకు రాయో రెంచీయో తగిలితే దెబ్బ ఆ పొరను దాటి లోపలికి పోవచ్చు. అప్పుడు పలక అంతా ఒకేసారి చిన్న ముక్కలవుతుంది. 4 నుంచి 12 మి.మీ. పలక పగిలినప్పుడు 50 మి.మీ. చదరంలో కనీసం 40 ముక్కలు ఉండాలని యూరప్ ప్రమాణం. కారు తలుపు అద్దాలు ఇలాగే రాలుతాయి. ముందు అద్దం మాత్రం రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన లామినేటెడ్ గాజు, అందుకే బీటలు వారినా చోటు వదలదు.

నీటి లెక్క

నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా నింపితే సుమారు 255 లీటర్లు పడతాయి. ఒక్కో పొడుగు పలక మీద నీటి తోపు దాదాపు 127 కిలోల బరువుకు సమానం. అది రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి ఉండే తోపు. తొట్లు కట్టేవారు వాడే సాధారణ సూత్రం ప్రకారం, 3.8 భద్రతా గుణకంతో, పైన పట్టీలు లేని ఈ తొట్టికి సాదా గాజు మందం 8.2 మి.మీ. దగ్గర తేలుతుంది. అంటే పట్టీలతో 8, పట్టీలు లేకుండా 10 మి.మీ. పలక వాడాలి.

టఫెన్డ్ గాజు నాలుగు రెట్లు బలమైనదైతే సగం మందం, అంటే 5 మి.మీ. చాలదా అని దుకాణాల్లో అడుగుతుంటారు. పగిలే హద్దు ఒక్కటే చూస్తే చాలుతుంది. కానీ గట్టిపరచడం వల్ల గాజు బలం పెరుగుతుందే తప్ప బిగువు పెరగదు. సాగే గుణకం రెండింటికీ 70 గిగాపాస్కళ్ల దగ్గరే. మందం సగానికి తగ్గితే పలక ఉబ్బు ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఉబ్బు అతుకుల దగ్గర సిలికాన్‌ను అదే పనిగా లాగుతుంది. తొట్టి చివరికి కారేది ఆ అతుకు దగ్గరే. మందం తగ్గించలేనప్పుడు పక్క పలకకు టఫెన్డ్ గాజు తెచ్చే లాభం ఏమిటన్నది ఈ చర్చలో అసలు ప్రశ్న. దాన్ని సమర్థించేవారి రాతల్లో దీనికి జవాబు దొరకదు.

వేడికి తట్టుకునే గుణాన్నీ లాభంగా చెబుతారు. సాదా గాజు ఒకే పలకలో సుమారు 40 డిగ్రీల తేడాను, టఫెన్డ్ గాజు 200 డిగ్రీల దాకా తేడాను ఓర్చుకుంటాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా తొట్టి నీటికీ గది గాలికీ మధ్య అంత తేడా రాదు.

పగిలే తీరు

సాదా గాజు పలక చెడితే ఎక్కువ సందర్భాల్లో బీట ఒక వైపు నుంచి పాకుతుంది, నీరు కారడం మొదలవుతుంది. గొట్టంతో తోడేసి చేపలను బకెట్లలోకి మార్చడానికి వ్యవధి దొరుకుతుంది. పెద్ద దెబ్బ తగిలితే అదీ ఉండదు. టఫెన్డ్ పలక చెడితే ఆ వ్యవధి ఎప్పుడూ లేదు. 255 లీటర్లూ ఒక్కసారిగా గదిలోకి వస్తాయి, స్టాండు కింద మోటారుకూ హీటరుకూ పెట్టిన కరెంటు బోర్డు మీదుగా. తొట్టి దగ్గర ఆడే పసిపిల్లలకు టఫెన్డ్ గాజు మొద్దు ముక్కలే మేలన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. సాదా గాజు కొస కత్తిలా కోస్తుంది. అంత భయం ఉన్న ఇంట్లో లామినేటెడ్ గాజు వాడటం మేలు.

ఏ దెబ్బా లేకుండా పగలడం అరుదైనా నిజం. గాజులో నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకుంటే, హఠాత్తుగా చల్లార్చినప్పుడు అది తన వేడి రూపంలోనే ఉండిపోతుంది. తర్వాత గది వేడిమి దగ్గర మెల్లగా రూపం మార్చుకుంటూ 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. లాగుడులో ఉన్న నడిమి పొరలో ఆ రేణువు ఉంటే బిగించిన ఏళ్ల తర్వాత కూడా పలక పేలిపోవచ్చు. ఇలాంటి పలకలను ముందే ఏరివేయడానికి ఫ్యాక్టరీలో 260 డిగ్రీల పైన వేడిలో నానబెట్టే పరీక్ష ఉంది. సాదా గాజులో లోపలి లాగుడు లేదు కనుక ఈ ప్రమాదమూ లేదు.

గాజు ఒక్కటే అనుమానితం కాదు. 2022 డిసెంబరు 16న బెర్లిన్‌లో పది లక్షల లీటర్ల ఆక్వాడోమ్ తొట్టి తెల్లవారుజామున పగిలిపోయింది, అది అక్రిలిక్. అతుకు లోపమా, మరమ్మతులప్పుడు పడిన నొక్కా, ఖాళీగా ఉంచినప్పుడు అక్రిలిక్ ఎండిపోవడమా అన్నది నిపుణుల నివేదిక తేల్చలేదు.

రైల్వే ఊళ్లలో

బిలాస్‌పుర్‌కు తెలుగువారు 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులతో చేరారు. ఇప్పుడు ఆ ఊరు 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. అర్పా నది ఒడ్డున ఉన్న తోర్వా వంటి పేటల్లోనూ రైల్వే క్వార్టర్లలోనూ తొట్టి పెట్టుకునేవారికి రంగు చేపల పెద్ద బజారు కలకత్తా గాలిఫ్ స్ట్రీట్. హావ్‌డా–ముంబయి ప్రధాన మార్గం మీద ఉన్న ఊరు కనుక ఆ సరుకు దూరమేమీ కాదు. అద్దం మాత్రం ఊళ్లోనే కోయిస్తారు. పాత భోజనాల బల్ల పైపలకో, దుకాణం తలుపో, షోకేసు అరో చవకగా దొరికిందని దానితోనే తొట్టి కట్టమనడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. అవి టఫెన్డ్ అయ్యే అవకాశం ఎక్కువ. కోత చక్రం పెట్టగానే లేదా గొట్టానికి కన్నం వేయబోగానే పలక మొత్తం రాలిపోతుంది. కొలత మార్చాలన్నా, కన్నం కావాలన్నా ఫ్యాక్టరీలో వేడి చేయకముందే చేయించాలి.

పలక ఏ రకమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మూలన టఫెన్డ్ అన్న ముద్ర ఉంటే సరే. ముద్ర లేనంత మాత్రాన సాదా అనుకోరాదు. లాప్‌టాప్ తెరను తెల్లగా వెలిగించి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని దాని ముందు తెర నల్లబడేదాకా తిప్పి, మధ్యలో పలక పట్టుకోవాలి. నలుపు నలుపుగానే ఉంటే సాదా. చారలో, మచ్చలో, మూలల దగ్గర వెలుగు పట్టీలో తేలితే టఫెన్డ్.

అడుగు పలక విషయంలో మాత్రం గట్టిపరచిన గాజుకు చోటుంది. పైన రాళ్లు పేరుస్తారు, కింద వెల్డింగ్ స్టాండు కొద్దిగా వంకరగా ఉండొచ్చు. కంపెనీ తొట్లలో కొన్నింటికి అడుగు టఫెన్డ్‌గానే వస్తుంది, కన్నం వేయవద్దని చీటీ కూడా అంటించి ఉంటుంది. ప్లైవుడ్ మీద థర్మాకోల్ షీటు పరిచి దానిపై కూర్చోబెడితే స్టాండు ఎత్తుపల్లాలు పలకకు తగలవు. అడుగు పలక ఫ్రేములో పైకి లేచి ఉండే తొట్లకు ఆ షీటు వేయకూడదు; అది అడుగును పైకి నెడుతుంది.

బదిలీ మీద సామాను లారీకెక్కించేటప్పుడు టఫెన్డ్ అడుగున్న తొట్టిని చివరి చుక్క దాకా ఖాళీ చేసి, ఇసుక తీసేసి, నాలుగు మూలలకూ దూది పరుపో దుప్పటో చుట్టి, నేల మీద మూల ఆనించకుండా దింపాలి. మూల ఒక్కసారి గట్టిగా తగిలితే ఆ క్షణంలో ఏమీ కాకపోయినా, అక్కడ పెచ్చు లేచిందేమో వేలితో తడిమి చూడాలి. పెచ్చు కనిపిస్తే ఆ పలక మార్చేదాకా నీళ్లు పోయకూడదు.